సీతాకోకచిలుక ఏ జీవితానికి సాక్షి?

ఎవరైనా పోయిన ఇంటికి పరామర్శకు వెళ్తే ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. గొంగళిపురుగు గూడు చీల్చుకుని సీతాకోకచిలుకై ఎగిరిపోయినట్టు జీవుడు ఈ దేహాన్ని విడిచి ఎగిరిపోయాడు, ఏడవకండి అంటున్నారు. మా అమ్మ పన్నెండో రోజున, భోజనాలకు ముందు నాలుగు మాటలు చెప్పిన పెద్దాయన కూడా ఇదే అన్నారు. మంచి మనసుతో అన్నారు. విన్నవాళ్ళలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నా ఆలోచన మాత్రం ఆ మాట దగ్గరే నిలిచిపోయింది. నేను ఉద్యోగమంతా డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. రోజూ పొద్దున గీత చదువుకుంటాను. ఈ రెంటికీ మధ్య నాకెప్పుడూ తగవు రాలేదు. కానీ ఒక ప్రాణిని తీసుకొచ్చి ఆత్మకు సాక్షిగా నిలబెట్టినప్పుడు, ఆ ప్రాణి బతుకు నిజంగా ఎలా సాగుతుందో తెలుసుకుని మాట్లాడటం మన ధర్మమని నమ్ముతాను.

ఇలా పరీక్షించడం మన సంప్రదాయానికి కొత్తేమీ కాదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. న్యాయశాస్త్రం నేర్చుకోవాలనుకునేవారు ఇప్పటికీ మొదట పట్టుకునేది ఆ చిన్న పుస్తకాన్నే. ఒక విషయాన్ని ఇంకొకరికి ఒప్పించాలంటే ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు మెట్లు ఎక్కాలంటుంది. కొండ మీద నిప్పుందని చెప్పడానికి పొగను హేతువుగానూ, వంటింటిని ఉదాహరణగానూ చూపడం అందులోని ప్రసిద్ధ పాఠం. పొయ్యి దగ్గర పొగా నిప్పూ కలిసి ఉండటం అందరూ చూసిందే కనుక ఆ ఉదాహరణ నిలబడింది. మామూలు మనిషీ, పరీక్షించి చూసే మనిషీ ఇద్దరూ ఒప్పుకుంటేనే ఉదాహరణ అవుతుందని నైయాయికులు షరతు పెట్టారు. మరి సీతాకోకచిలుక ఈ షరతుకు నిలుస్తుందా?

నాకు బాగా తెలిసిన సీతాకోకచిలుక నిమ్మచెట్టుది. గూడూరు దగ్గర నాన్నకు నిమ్మతోట ఉండేది. నలుపు మీద లేత పసుపు మచ్చలతో, వెనక రెక్కల చివర ఎర్రటి బొట్టుతో ఈ చిలుకలు తోటలో తిరగడం మొదలైతే నాన్న ముఖం మారిపోయేది. చిగుళ్ళ మీద మందు కొట్టడానికి మనుషుల్ని పిలిపించేవారు. నారుమొక్కలైతే నాలుగు పురుగులు చాలు, ఆకంతా పోయి ఈనెలు మిగులుతాయి. ఇప్పుడు నెల్లూరులో మా ఇంటి వెనకున్న ఒక్క నిమ్మచెట్టు మీద అదే చిలుక వాలితే నేను పని ఆపి చూస్తాను. తోటలో అది నష్టం, పెరట్లో అందం. ఒక ప్రాణికి మనం కట్టే విలువలో మన అవసరం ఎంత కలిసి ఉంటుందో నాకు మొదట తెలిసింది దీనివల్లే. అందుకే, మన దుఃఖానికి ఓదార్పు కావలసినప్పుడు కూడా దాన్ని మన అవసరం కోసం వంచుతున్నామేమో అని జాగ్రత్తపడతాను.

1758లో లిన్నేయస్ దీనికి పాపిలియో డెమోలియస్ అని పేరు పెట్టాడు. నిమ్మ, బత్తాయి, నారింజ, కరివేపాకు, వెలగ, మారేడు అన్నీ ఒకే కుటుంబం చెట్లు. ఆ ఆకులే దీని పిల్లలకు ఆహారం. శివుడి పూజకు మారేడు దళం చిల్లు లేకుండా, మూడాకులూ నిండుగా ఉండాలని ఏరతాం. అమ్మ అలా ఏరి పక్కన పెట్టిన దళాలను చెత్తలో వేయనిచ్చేది కాదు. తిన్నది కూడా ఆయన బిడ్డే కదా అని చెట్టు మొదట్లోనే వేసేది.

ఆడ చిలుక చిగురు మీద వాలి ముందుకాళ్ళతో ఆకును టకటకా తడుతుంది. దాని నోట్లో ఉన్నది పువ్వుల తేనె పీల్చుకునే గొట్టం. ఆకు రుచి తెలుసుకోవడానికి ఆ నోరు పనికిరాదు, కాళ్ళతోనే తెలుసుకోవాలి. దీని దగ్గరి బంధువైన ఒక జపాన్ చిలుక మీద పనిచేసిన శాస్త్రవేత్తలు, నిమ్మజాతి ఆకుల్లో ఉండే సినెఫ్రిన్ అనే పదార్థాన్ని రుచిచూసే గ్రాహకాన్ని 2011లో గుర్తించారు. ఆకు సరైనదని తేలాక పొట్ట వంచి, మిల్లీమీటరు పైచిలుకు ఉండే లేతపసుపు గుడ్డును ఒక్కటి అంటిస్తుంది. అక్కడి నుంచి ఇంకో చిగురుకు పోతుంది.

ఎండాకాలమైతే మూడు నాలుగు రోజులకు పురుగు బయటికొస్తుంది. తొలి దశల్లో ముదురు గోధుమరంగు మీద తెల్లటి చారతో, ఆకు మీద పడిన పిట్టరెట్టలా కనిపిస్తుంది. పిట్టలు దాన్ని తిండి అనుకోవు. నాలుగుసార్లు తోలు విడిచి ఐదో దశకు వచ్చేసరికి ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటి అవయవం చటుక్కున బయటికి తన్నుకొచ్చి ఘాటైన వాసన వేస్తుంది. ఓస్మెటీరియం అని దాని పేరు. ప్రాక్టికల్ క్లాసులో పిల్లలు ఉలిక్కిపడి వెనక్కి జరిగేవారు, ఆ తర్వాత పురుగు మీద గౌరవం పెరిగి మళ్ళీ ముందుకు వచ్చేవారు.

ఆ గౌరవం మన ప్రవచనాల్లో లేదు. అక్కడ పురుగంటే నేల మీద పాకే హీనమైన జన్మ. సంకెళ్ళలో ఉండి విడుదల కోసం ఎదురుచూసే ఖైదీ. నేను చూసిన పురుగు దేనికోసమూ ఎదురుచూడటం లేదు. దానికి తలకు ఇరువైపులా ఆరేసి చిన్న కళ్ళున్నాయి, ఆకును అంచు నుంచి కోసే దవడలున్నాయి, పట్టు దారం తీసే గ్రంథి ఉంది, రంగు రక్షణ ఉంది, వాసన ఆయుధం ఉంది. దాని పనికి అది సంపూర్ణం. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. పురుగుకూ చిలుకకూ మధ్య వచ్చే ప్యూపా దశలో అది ఏమీ తినదు. కనుక తర్వాత వచ్చే చిలుక రెక్కల్లోని ప్రతి కణమూ పురుగు నమిలిన నిమ్మాకు నుంచి రావలసిందే. తేనెలో శక్తి ఉంటుంది కానీ మాంసకృత్తులు చాలా తక్కువ. అందువల్ల చిలుక పెట్టే గుడ్లకు కావలసిన సరుకులో పెద్ద భాగం కూడా పురుగు దాచిపెట్టి ఇచ్చిందే. చిలుక అందమంతా పురుగు సంపాదన. సంపాదించినదాన్ని ఖైదు అనడం న్యాయమా?

ఎప్పుడు మారాలో పురుగుకు ఎలా తెలుస్తుందన్నది ఇరవయ్యో శతాబ్దంలో తేలింది. విన్సెంట్ విగ్లెస్‌వర్త్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1930ల్లో నెత్తురు తాగే ఒక నల్లిజాతి పురుగు మీద చేసిన ప్రయోగాలతో దారి దొరికింది. మెదడు వెనకున్న ఓ చిన్న గ్రంథి నుంచి వచ్చే జువెనైల్ హార్మోన్ ఒంట్లో నిండుగా ఉన్నంతకాలం పురుగు తోలు విడిచినా మళ్ళీ పురుగే అవుతుంది, కాకపోతే కాస్త పెద్దదవుతుంది. ఆ హార్మోన్ తగ్గాక తోలు విడిస్తే మారుతుంది. చిన్న పట్టుపురుగులో ఆ గ్రంథిని ముందే తీసేస్తే అది తొందరపడి గూడు కట్టి మరుగుజ్జు చిలుకై వస్తుంది. తినవలసినంత తినకుండానే మారింది కనుక దానికి నిండుతనం రాలేదు. వైరాగ్యానికీ ఒక వేళ ఉందని మన పెద్దలన్నది నాకు ఇక్కడ కనిపిస్తుంది.

వేళ వచ్చిన పురుగు తిండి మానేస్తుంది. కడుపు ఖాళీ చేసుకుంటుంది. చెట్టంతా తిరిగి ఒక కొమ్మను ఎంచుకుని, దాని మీద పట్టు మెత్త వేసుకుని తోక కొసను అందులో తగిలించి, నడుము చుట్టూ ఒక దారం పోసుకుని, తల పైకెత్తి వాలి నిలుస్తుంది. ఆఖరి తోలు విడిచాక మిగిలేదే ప్యూపా. పచ్చటి ఆకుల మధ్య ఉంటే పచ్చగానూ, ఎండు కొమ్మ మీద ఉంటే గోధుమరంగుగానూ ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. లోపల ఏం జరుగుతోంది? పురుగు చచ్చి దాని చోట వేరొకటి పుడుతోందా, లేక పురుగే చిలుక అవుతోందా?

పూర్వం యూరప్‌లో చాలామంది దీన్ని మరణమూ పునరుత్థానమూ అనుకునేవారు. యాన్ స్వామర్‌డామ్ అనే డచ్చి పరిశోధకుడు గొంగళిపురుగును కోసి, తోలు కింద మడతపడి ఉన్న రెక్కల మొలకలను చూపించాడు. 1669లో అచ్చయిన తన గ్రంథంలో, ఒక ప్రాణి పోయి మరో ప్రాణి రావడం లేదనీ, ఒకే ప్రాణి క్రమంగా విప్పుకుంటోందనీ వాదించాడు. ఆయన గొప్ప దైవభక్తుడు. మాయలాంటి మార్పులో కన్నా క్రమం తప్పని పెరుగుదలలోనే దేవుడి చేయి ఎక్కువగా కనిపిస్తుందని నమ్మాడు. సాంఖ్యులు వింటే మా మాటే అనేవారు. కార్యం ముందే కారణంలో ఉంటుంది, లేనిది పుట్టదు అన్నది వారి సత్కార్యవాదం.

అన్నంభట్టు పక్షం వేరు. తయారు కాకముందు లేనిదే కార్యమని నైయాయికుల లెక్క. వారి వైపూ బలం లేకపోలేదు. పురుగులో ఉన్నవి రెక్కలు కావు, రెక్కలు కాగల కణాల గుంపులు. ఇమాజినల్ డిస్కులంటారు. రెక్కలు, పొడవైన కాళ్ళు, స్పర్శశృంగాలు, పెద్ద కళ్ళు వీటి నుంచే పెరుగుతాయి. అదే సమయంలో పురుగు కండరాల్లో చాలా భాగం, పాత పేగు కరిగిపోయి కొత్తవాటికి ముడిసరుకు అవుతాయి. ఎగరడమనే పని పురుగులో ఏ మూలా లేదు, కొత్తగా వచ్చింది. అలాగని లోపలంతా కరిగి ద్రవమైపోతుందన్న పాత మాటా నిజం కాదు. 2013లో బ్రిటన్ పరిశోధకులు ప్యూపాను కోయకుండా ఎక్స్‌రే స్కాన్లతో రోజురోజుకూ చూశారు. శ్వాసనాళాల చెట్టు తొలినాళ్ళ నుంచే స్పష్టంగా కనిపించింది. ఊపిరి దారి తెగకుండానే ఇల్లు మారిపోయింది.

మూడో మాట మన కృష్ణ ఒడ్డుది. నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్యుడు నాగార్జునుడు. శాతవాహన రాజుకు ఆయన లేఖ రాశాడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. మారేది పాతదా, కొత్తదా అని ఆయన అడుగుతాడు. పాతదే మారిందంటే పాలను పట్టుకుని పెరుగు అనాలి. కొత్తది మారిందంటే పెరుగు మళ్ళీ పెరుగైందనాలి. రెండూ కుదరవు. కాబట్టి ‘అదే’ అన్న మాటా ‘వేరు’ అన్న మాటా మనం పెట్టిన గుర్తులేగానీ వస్తువులో ఉన్నవి కావంటాడు. ఈ మూడు దర్శనాలనూ పెరట్లోని ప్యూపా ముందు పెట్టి చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో కోణంలో నిజం పలికింది. ఏ ఒక్కటీ మొత్తాన్ని పట్టలేదు.

ఇది నాకు పుస్తకాల చర్చగా మిగలలేదు. చివరి ఏళ్ళలో అమ్మకు అల్జీమర్స్ వచ్చింది. పొద్దున తాగిన కాఫీ మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. నా పేరు పోయింది. నన్ను చిన్నప్పుడే పోయిన తన అక్క అనుకుని ‘పెద్దక్కా’ అని పిలిచేది, నన్ను చూసి సిగ్గుపడేది, బెల్లం ముక్క అడిగేది. ఊరగాయకు నిమ్మకాయలు ముందు పెడితే మాత్రం పీట వేసుకుని కూర్చుని, ఏ కాయకు ఎన్ని గాట్లు పెట్టాలో తడబడకుండా కోసేది. ఉప్పు ఎంత పడాలో చేతికి తెలిసేది. చుట్టాలొచ్చి చూసి, ‘ఆవిడ ఎప్పుడో వెళ్ళిపోయిందమ్మా, ఇక్కడ మిగిలింది దేహమే’ అని నా చేయి పట్టుకునేవారు. అలా అనడంలో వారి ప్రేమ నాకు అర్థమైంది. ఆ మాట మాత్రం ఒప్పుకోలేకపోయాను.

ఆ రోజుల్లో నాకు అండగా నిలిచింది 2008లో వచ్చిన ఒక ప్రయోగం. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో బ్లాకిస్టన్, కేసీ, వైస్ అనే ముగ్గురు, పొగాకు మొక్కను తినే ఒక రెక్కల పురుగు మీద పనిచేశారు. గొంగళిదశలో ఉన్న పురుగులకు ఇథైల్ ఎసిటేట్ వాసన చూపించి, అదే సమయంలో చిన్న కరెంటు షాకు ఇచ్చారు. కొన్నాళ్ళకు ఆ వాసన నుంచి తప్పుకోవడం అవి నేర్చుకున్నాయి. ఆ తర్వాత ప్యూపాలయ్యాయి, రెక్కలొచ్చాయి. ఐదో దశలో నేర్చుకున్నవి రెక్కలొచ్చాక కూడా ఆ వాసనను తప్పించుకున్నాయి. మూడో దశలో నేర్చుకున్నవి మరిచిపోయాయి. మెదడులో ఆలస్యంగా ఏర్పడిన భాగాలు ఆ మార్పును దాటి నిలుస్తాయి, ముందు ఏర్పడినవి విప్పి మళ్ళీ అల్లుకుంటాయి కనుక ఇలా జరిగి ఉండొచ్చని వారు భావించారు.

పురుగుకు ఆలస్యంగా నేర్చింది మిగిలింది, ముందు నేర్చింది పోయింది. అమ్మకు సరిగ్గా తిరగబడింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళం పోయాం, ముందొచ్చిన అక్క, బెల్లం ముక్క, నిమ్మకాయ గాటు నిలిచాయి. కానీ రెండింటిలోనూ ఒకే సంగతి ఉంది. ఏదో దాటింది, ఏదో దాటలేదు. అంతా దాటితేనే ‘అదే ప్రాణి’ అంటామనుకుంటే ఈ లోకంలో ఎవరూ ఒక పూట కూడా ఒకరుగా ఉండరు. నేను ఆరేళ్ళ పిల్లగా ఏమనుకున్నానో ఇప్పుడు నాకు తెలియదు. ఆ పిల్ల పోయిందని ఎవరూ కర్మ చేయలేదు. జ్ఞాపకమే మనిషి అనుకోవడం తప్పని అప్పుడు గట్టిగా అనిపించింది. అన్నం కలిపి నోటికి అందిస్తున్నప్పుడు, ఇది ఎవరికి పెడుతున్నాను అన్న సందేహం నాకు ఏ పూటా రాలేదు. ఒకే జీవితం అన్న మాటకు ఆధారం ఆమె లోపల దాగిన వస్తువు ఒక్కటే కాదు. ఆమెకూ మాకూ మధ్య తెగకుండా సాగిన పెట్టుపోతల్లో కూడా ఉంది ఆ ఆధారం.

కాబట్టి సీతాకోకచిలుకను తీసుకొచ్చి చూపించవలసిన చోటు ఆ మంచం దగ్గర, ఆ చుట్టాల ముందు. పన్నెండో రోజున కాదు. గుర్తుపట్టలేనంతగా మారిన ప్రాణి కూడా అదే బతుకు బతుకుతోందని అది చెబుతుంది. చావు తర్వాత ఏమవుతుందో అది చెప్పదు.

ఎందుకు చెప్పదో ఆ తర్వాతి కథ చూస్తే తెలుస్తుంది. మొదటిది, ప్యూపా శవం కాదు. తాకితే కదులుతుంది. పక్కల ఉన్న రంధ్రాల నుంచి గాలి పీల్చుకుంటుంది. రెండోది, ప్యూపా అయిన ప్రతిదీ చిలుక కాదు. ఇంకా మెత్తగా ఉన్నప్పుడే చిన్న కందిరీగజాతి పురుగులు దాని మీద గుడ్లు పెడితే, కొన్నాళ్ళకు ఆ పొర నుంచి బయటికొచ్చేది వాటి పిల్లల గుంపు. మూడోది, చిలుక బయటికొచ్చే తీరు. పొర చీలుతుంది. నలిగి తడిగా ఉన్న రెక్కలతో చిలుక కొమ్మ పట్టుకుని వేలాడుతుంది. పొట్టలోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి తోస్తుంది, నిలవ ఉన్న మలినాన్ని వదులుతుంది. రెక్కలు ఆరి గట్టిపడ్డాక ఎగురుతుంది. అక్కడ మిగిలింది ఊదితే కదిలే పలచని పొర. ఎగిరిపోయింది దేహమే. మరణంలో జరిగేది ఇందుకు పూర్తిగా ఎదురు. అమ్మ వెళ్ళిపోయినప్పుడు మంచం మీద ఆ నిమ్మకాయలు కోసిన వేళ్ళతో సహా దేహమంతా ఉంది. నేను నమ్మే ఆత్మ కంటికి కనిపించకుండా వెళ్ళింది. ఒకచోట దేహం వెళ్ళి పొర మిగిలింది, ఇంకోచోట దేహమంతా మిగిలింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒకటే అనలేం.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. సీతాకోకచిలుక కూడా చచ్చిపోతుంది. వారమో, ఇంకాస్త ఎక్కువో బతుకుతుంది. తేనె తాగుతుంది, జత కూడుతుంది, గుడ్లు పెడుతుంది, ఒకరోజు చెట్టు కింద పడి ఉంటే చీమలు ఈడ్చుకుపోతాయి. ఓదార్పు మాటల్లో ఈ ముగింపు ఎప్పుడూ వినలేదు. ఎగిరిపోయిన చోటే కథ ఆపేస్తాం. కానీ ఎగరడం మరణానంతర జీవితం కాదు. అది పుట్టి పెరిగిన అదే జీవితంలో రెండో సగం. మరణం ఇంకా ముందుంది.

ఈ రెండో సగం ఎలాంటిదో చూడటంలో నాకు ఇంకో పాఠం దొరికింది. కొందరు ఈ దశలను మన ఆశ్రమాలతో పోలుస్తారు. పోల్చి చూస్తే వరస వేరుగా ఉంది. పురుగుది పెరుగుదల కాలం, తీసుకునే కాలం. ఆపైన తిండి మాని, కదలిక మాని, పాత నిర్మాణాన్ని విప్పుకునే దశ వస్తుంది. దాన్ని తపస్సు అనవచ్చు. మన వరసలో అది చివర ఉండాలి. ఇక్కడ మధ్యలో ఉంది. తపస్సు ముగిశాక వచ్చేది గృహస్థ ధర్మం: జత, సంతానం, చెట్టు చెట్టుకూ తిరిగి సరైన ఆకు వెతకడం. విడిచిపెట్టడం అంతం కాలేదు. విడిచిపెట్టింది మళ్ళీ లోకంలోకి వచ్చి ఇవ్వడానికి. మన చరిత్రలో కూడా అడవికి వెళ్ళి తిరిగొచ్చి పదిమందికి చెప్పినవారినే గురువులుగా తలుచుకున్నాం. బుద్ధుడు బోధి చెట్టు కిందే కూర్చుండిపోలేదు, సారనాథ్‌కు నడిచాడు.

మన పాత గ్రంథాలు పురుగుల నుంచి పాఠాలు తీసుకున్నాయి. ఎంత జాగ్రత్తగా తీసుకున్నాయో గమనించాలి. బృహదారణ్యకోపనిషత్తులో ఒక పురుగు ఉంది. గడ్డిపోచ కొసకు చేరి, ఇంకో ఆధారాన్ని ముందు పట్టుకుని, ఆ తర్వాతే ఒళ్ళు అటువైపు లాక్కుంటుంది. జీవుడు ఒక దేహం నుంచి ఇంకో దేహానికి పోవడానికి దాన్ని ఉదాహరణగా చెప్పారు. అలా కదిలే పురుగును ఎవరైనా చూడొచ్చు. ఉదాహరణ కొలతకు మించి మాట్లాడలేదు. గీత రెండో అధ్యాయంలో అదే సంగతికి బట్టలను తీసుకుంది, రెక్కలను తీసుకోలేదు. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత యదురాజుకు తన ఇరవైనలుగురు గురువులను చెబుతాడు. అందులో తేనెటీగ ఉంది, దీపంలో పడే శలభం ఉంది, సాలెపురుగు ఉంది. సీతాకోకచిలుక లేదు.

అదే జాబితాలో, పురుగును గూట్లో పెట్టి మూసే ఒక కీటకం కూడా ఉంది. లోపలి పురుగు భయంతో దాన్నే తలుచుకుంటూ చివరికి దాని రూపమే పొందుతుందని చెబుతారు. భ్రమరకీటక న్యాయం అని మనకు తెలిసిన మాట ఇదే. ఆ మట్టిగూట్లో జరిగేది వేరు. కందిరీగ గొంగళిపురుగును కుట్టి, కదలకుండా చేసి, గూట్లో పెట్టి గుడ్డు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరుగుతుంది. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు ఒక అమ్మాయి బాధగా, అయితే ఆ బోధ అబద్ధమా మేడమ్ అని అడిగింది. బోధ అబద్ధం కాదమ్మా అని చెప్పాను. దేన్ని ఎడతెగకుండా తలుస్తామో దాని స్వభావం మనకు పడుతుందన్నది మన బతుకుల్లోనే చూసుకోవచ్చు. పురుగు ఆ బోధను గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే కథ. కథగా ఉన్నంతవరకు దానికి దోషం లేదు. సాక్ష్యమని అన్న రోజునే పరీక్షకు నిలవాలి.

సీతాకోకచిలుక విషయంలోనూ నేను చెప్పేది ఇదే. ఆత్మ నిత్యమన్న మాట నాకు శ్రుతి నుంచి, గీత నుంచి వచ్చింది. ఆ నమ్మకానికి రెక్కల ఆసరా అక్కర్లేదు. ఆ ఆసరా ఇవ్వబోతే రెండు నష్టాలు జరుగుతాయి. పురుగుగా బతికిన కాలం, అంటే మనం తిని, సంపాదించి, వండి, పిల్లల్ని పెంచి, జబ్బుపడి, ఒకరినొకరు చూసుకున్న ఈ కాలమంతా, ఒలిచి పారేసే పొర అని ఒప్పుకున్నట్టవుతుంది. చివరి ఏళ్ళలో మారిపోయిన తల్లినో తండ్రినో బతికుండగానే పోయినవారి లెక్కలో రాసేసినట్టవుతుంది. రెండూ అధర్మమే.

నిజంగా చూస్తే ఆ చిలుక చెప్పే సాక్ష్యం ఇంకా బలమైనది. రేపు ఎగరబోయే రెక్క ఈ పూట నమిలిన ఆకుతో తయారవుతుంది. మార్పు ఎంత తీవ్రమైనా ఊపిరి తెగనంతవరకు బతుకు ఒక్కటే. ఒక దశ ఇంకో దశకు దాసి కాదు. అన్నిటికన్నా నన్ను తలవంచేలా చేసేది ఆ తల్లి చిలుక పని. తాను ఇక తినలేని ఆకును, తాను చూడబోని పిల్లల కోసం, కాళ్ళతో తడిమి తడిమి ఎంచుతుంది. మన శాస్త్రాలు మనిషి పుట్టుకతోనే దేవతలకూ ఋషులకూ పితృదేవతలకూ ఋణపడి ఉంటాడన్నాయి. ముందువారి దగ్గర తీసుకున్నది వెనకవారికి అందించడమే ఆ ఋణం తీర్చే దారి. ఇందులో ‘నేను’ ఎంత మిగులుతానన్న లెక్క లేదు.

అందుకే పరామర్శకు వెళ్ళినప్పుడు నేను ఎగిరిపోయారని అనను. వారు ఏం తిన్నారో, ఏం వండారో, ఎవరిని పెంచారో, ఏం నేర్పారో అడుగుతాను. ఇంటివాళ్ళు మొదట తడబడినా తర్వాత చెబుతూ పోతారు. పోయినవారి ఆత్మ సంగతి భగవంతుడు చూసుకుంటాడు. వారు బతికిన బతుకు సంగతి మనం చూసుకోవాలి. అది ఇంకా మన చేతుల్లోనే పనిచేస్తోంది కనుక.